అటెండెంట్‌ని బయటికి పంపేముందు ఒక్క నిమిషం

ఎమర్జెన్సీ వార్డు గుమ్మం దగ్గర రోజంతా వినపడే మాట ఒకటుంది: "పేషెంట్ ఒక్కరే లోపలికి, మిగతావాళ్లు బయట కూర్చోండి." సెక్యూరిటీ అంటాడు, వార్డు బాయ్ అంటాడు, చేతినిండా పని ఉన్నప్పుడు సిస్టర్లం మేమూ అంటాం. పాతికేళ్ల కుర్రాడు బైకు మీంచి పడి వస్తే ఈ రూలుతో పెద్ద ఇబ్బంది లేదు. ఎక్కడ నొప్పో అతనే చెప్తాడు, చెప్పలేకపోతే ఎక్స్‌రే చెప్తుంది. కానీ ఎనభై దాటిన మనిషిని స్ట్రెచర్ మీద తోసుకొచ్చినప్పుడు కూడా ఇదే రూలు పాటిస్తే, ఆ కేసులో తెలుసుకోవాల్సిన దాంట్లో సగం తలుపు అవతలే ఉండిపోతుంది. ఆ సగం కోసం తర్వాత స్కాన్లు తీస్తాం, రక్తాలు లాగుతాం, ఏమీ దొరక్కపోతే "వయసైపోయింది కదా" అనేసి ఊరుకుంటాం.

నేను ఎమర్జెన్సీలో నర్సుని, చాలా ఏళ్లుగా ఇదే పని. ఇక్కడ రాస్తున్నది కొందరు డాక్టర్లకి నచ్చకపోవచ్చు, సెక్యూరిటీ ఆఫీసర్‌కి అయితే అస్సలు నచ్చదు. అయినా చెప్తాను. పెద్దవాళ్ల విషయంలో మా దగ్గరున్న మెషిన్లన్నిటికన్నా ముందు కావాల్సింది ఒక ప్రశ్నకి జవాబు: ఈ మనిషి పది రోజుల కిందట ఎలా ఉండేవారు? నడిచేవారా, ఎవరైనా పట్టుకుంటేనే నడిచేవారా? బాత్రూమ్‌కి తనే వెళ్లేవారా? మందులు తనే తీసుకుని వేసుకునేవారా? మనవడి పేరు గుర్తుండేదా? ఈ జవాబు చెప్పగలిగిన మనిషి మామూలుగా ఒక్కరే ఉంటారు. కూతురో, కోడలో, కొడుకో, ఇంట్లో చూసుకునే ఆవిడో. సరిగ్గా ఆ ఒక్కరినే మేము బయట కుర్చీలో కూర్చోబెడతాం.

పెద్దవాళ్ల మీద కక్షతో ఎవరూ ఇలా పెట్టలేదు. ఎమర్జెన్సీ వైద్యం ఒక ప్రత్యేక విభాగంగా తయారైన కాలం అలాంటిది. అమెరికాలో నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ 1966లో ఒక నివేదిక ఇచ్చింది, ప్రమాదాల్లో ఎంతమంది అన్యాయంగా పోతున్నారో, ఆస్పత్రుల్లో వాళ్లని చూసే ఏర్పాటు ఎంత అధ్వాన్నంగా ఉందో చెప్తూ. 1970లో సిన్సినాటీ యూనివర్సిటీలో ఎమర్జెన్సీ మెడిసిన్‌లో డాక్టర్లకి మొట్టమొదటి ప్రత్యేక శిక్షణ, అక్కడి మాటలో రెసిడెన్సీ, మొదలైంది. అంటే ఈ విభాగాన్ని కట్టినవాళ్ల కళ్లముందు ఎక్కువగా ఉన్నది పొద్దున దాకా బాగానే ఉండి, మధ్యాహ్నానికి ఒక్క పెద్ద దెబ్బ తగిలిన మనిషి. ఒక మనిషి, ఒక సమస్య, త్వరగా తేల్చి పంపెయ్యాలి. ఇప్పుడు మా స్ట్రెచర్ల మీద ఉన్నవాళ్లు అలా లేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2030 నాటికి ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరికి 60 దాటి ఉంటాయి, 2050 నాటికి 80 దాటినవాళ్లే 42.6 కోట్లు ఉంటారు. వీళ్లకి బీపీ ఉంటుంది, షుగర్ ఉంటుంది, మోకాళ్లు అరిగి ఉంటాయి, రోజుకి ఎనిమిది తొమ్మిది బిళ్లలు పడుతుంటాయి, వాటి పైన ఇవాళ ఇంకేదో జరిగింది. ఆ ఇంకేదో ఏంటో తేల్చాలంటే మిగతాదంతా ముందు ఎలా ఉందో తెలియాలి కదా.

పెద్దవాళ్ల శరీరం పుస్తకంలో రాసినట్టు మాట్లాడదు. గుండెపోటు అంటే గుండెల్లో నొప్పి అనుకుంటాం. ఎనభై ఏళ్ల మనిషికి నొప్పే లేకుండా ఆయాసంతోనో, వాంతులతోనో, కళ్లు తిరిగి పడిపోవడంతోనో రావచ్చు. కడుపులో పేగు చిల్లు పడినా పొట్ట మెత్తగానే ఉండొచ్చు. న్యుమోనియాకి జ్వరం ఉండకపోవచ్చు, దగ్గు కూడా ఉండకపోవచ్చు, "రెండు రోజులుగా మంచం దిగట్లేదు" అన్న ఒక్క మాటే ఉంటుంది. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ బిళ్ల వేసుకునేవాళ్లకి ఒంట్లో రక్తం కారిపోతున్నా పల్స్ ఎనభై దాటకపోవచ్చు, మానిటర్ చూసినవాళ్లు "స్టేబుల్" అని రాసుకుని వెళ్లిపోతారు. కిడ్నీలు సరిగ్గా పనిచేయకపోయినా కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ మామూలుగా కనిపించొచ్చు, ఎందుకంటే అది తయారయ్యేది కండలో, ఆ మనిషికి కండే లేదు. ఆ అంకె చూసి మందు డోసు పూర్తిగా ఇచ్చేస్తే ఒంట్లోనే పేరుకుంటుంది.

ఇందులో ప్రతిదానికీ "మామూలుగా ఎంత?" అన్న ప్రశ్న అతుక్కునే ఉంది. పై బీపీ 110 అంటే పాతికేళ్లవాడికి బ్రహ్మాండం. రోజూ 160 మీద బతికే మనిషికి 110 అంటే మెదడుకీ కిడ్నీలకీ రక్తం అందట్లేదని అర్థం కావచ్చు. అమెరికాలో అంబులెన్స్ సిబ్బందికి 2011లో ఇచ్చిన సూచనల్లోనే ఉంది ఈ మాట, 65 దాటినవాళ్లకి గాయమైనప్పుడు 110 కన్నా తగ్గితే షాక్, అంటే ఒంట్లో అవయవాలకి రక్తం చాలని పరిస్థితి, కావచ్చని. జ్వరం సంగతీ అంతే. వృద్ధాశ్రమాల్లో ఉండేవాళ్ల కోసం అక్కడి ఇన్ఫెక్షన్ నిపుణుల సంఘం 2008లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఆ మనిషికి మామూలుగా ఉండే వేడికన్నా 1.1 డిగ్రీల సెల్సియస్ పెరిగినా జ్వరం కిందే లెక్కేయమన్నారు. మామూలుగా ఉండే వేడి, మామూలుగా ఉండే బీపీ ఎవరికి తెలుసు? ఇంట్లో మెషిన్ పెట్టుకుని రోజూ నోట్‌బుక్‌లో రాసే కోడలికి తెలుసు. ఆవిడ బయట ఉంది, నోట్‌బుక్ ఆవిడ సంచిలో ఉంది.

ఒక కేసు చెప్తాను. ఎవరన్నది పోల్చుకోలేని విధంగా కొన్ని వివరాలు మార్చాను. గోడ పక్క మంచం మీద ఒక పెద్దావిడ. కేస్ షీట్‌లో "నీరసం, సరిగ్గా తినడం లేదు, రెండు రోజులుగా" అని ఉంది. పల్స్, ఆక్సిజన్, షుగర్ అన్నీ బాగానే ఉన్నాయి. తల స్కాన్ తీశారు, అందులో వయసుకి తగ్గ మార్పులు తప్ప ఏమీ లేవు. ఆవిడ ఎవరినీ పిలవట్లేదు, నీళ్లు అడగట్లేదు, పక్క మంచం మీద ఒకాయన కేకలు పెడుతుంటే కళ్లు కూడా తెరవట్లేదు. డ్యూటీ మారేటప్పుడు మా వాళ్లు ఇలాంటి పేషెంట్‌ని "మంచి పేషెంట్, ఏ గొడవా లేదు" అని అప్పజెప్తారు. నాకు అనుమానం వచ్చింది ఆవిడ చేతివేళ్లు చూసి. దుప్పటి అంచుని పట్టుకుని, వదిలి, మళ్లీ పట్టుకుని, లేని నలకలేవో ఏరుతున్నట్టు కదుపుతూనే ఉంది.

దగ్గరికెళ్లి "అమ్మా" అంటే కళ్లు తెరిచింది. పేరు చెప్పింది. ఇదేం చోటు అంటే "మా అక్కయ్య వాళ్లిల్లు" అంది. నెలలు వెనక్కి చెప్పండమ్మా, డిసెంబర్ నుంచి, అన్నాను. డిసెంబర్, నవంబర్ అని ఆగింది. కాసేపటికి మళ్లీ నవంబర్ అంది. తర్వాత నా మెడలో ఐడీ కార్డు తాడు వంక చూస్తూ ఉండిపోయింది. మతిమరుపు జబ్బేమో అనుకోవచ్చు, ఆ వయసులో అందరూ అలాగే అనుకుంటారు, కేస్ షీట్‌లో "డిమెన్షియా?" అని ఒక ప్రశ్నార్థకం పెట్టి కూడా ఉంది. కూతుర్ని లోపలికి పిలిపించాను. "డిమెన్షియా ఏంటండీ? మొన్న ఆదివారం దాకా మా వాడి హోమ్‌వర్క్ అమ్మే చూసింది, లెక్కలు నాకన్నా తనకే బాగా వచ్చు" అంది. అక్కడితో కేసు మారిపోయింది. ఆదివారం దాకా లెక్కలు చెప్పిన మనిషికి గురువారం నెలలు రాకపోతే దాని పేరు డెలీరియం. మెదడు ఉన్నట్టుండి గాడి తప్పడం. దాని వెనక ఒంట్లో ఎక్కడో ఒక కారణం ఉండి తీరుతుంది.

కొత్త మందులేమైనా వేశారా అంటే లేదంది. యూరిన్ పరీక్షలో ఏవో కణాలు కనపడ్డాయి కాబట్టి యూరిన్ ఇన్ఫెక్షన్ అని రాసి యాంటీబయాటిక్ మొదలుపెట్టే పనిలో ఉన్నారు డాక్టర్‌గారు. ఇంతలో ఆ కూతురు, కొంచెం మొహమాటపడుతూ, "జలుబు బిళ్లలు కూడా మందుల్లోకి వస్తాయా అండీ?" అని అడిగింది. వస్తాయమ్మా, వాటికన్నా పెద్ద మందుల్లేవు ఈ వయసులో. ముక్కు కారుతోందని, పైగా నిద్ర కూడా బాగా పడుతోందని, మూడు రోజులుగా రాత్రికి రెండేసి ఇస్తున్నారట. పాతకాలపు జలుబు బిళ్లల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ లాంటి మందు ముక్కుని ఎలా ఆరబెడుతుందో, మూత్రాశయాన్నీ అలాగే మొద్దుబారుస్తుంది, మెదడుని మసకబారుస్తుంది. పెద్దవాళ్లకి ఇవ్వకూడని మందుల జాబితా అంటూ 1991 నుంచీ బీర్స్ క్రైటీరియా అని ఒకటుంది, ఈ రకం జలుబు మందులు అందులో ఉన్నాయి. పొత్తికడుపు మీద చెయ్యి వేస్తే బొడ్డు దాకా గట్టిగా తగిలింది. స్కాన్‌లో దాదాపు లీటరు మూత్రం. మధ్యమధ్యలో పక్క తడుపుతోందని చూసి డైపర్ వేసి ఊరుకున్నారు, మూత్రాశయం నిండిపోయి పొర్లుతున్నదని ఎవరికీ తట్టలేదు. పైపు వేసి తీసేశాం, ఆ బిళ్లలు ఆపేశాం. ఆవిడ తేరుకోవడానికి కొన్ని రోజులు పట్టింది, ఒక్క పూటలో మామూలైపోయిందని అబద్ధం చెప్పను. కానీ తేరుకుంది.

పెద్దవాళ్ల యూరిన్ గురించి ఇక్కడే ఒక మాట, ఎందుకంటే ఎమర్జెన్సీలో ఇంత సులువుగా దొరికే నేరస్తుడు ఇంకొకడు లేడు. వయసు పైబడ్డ ఆడవాళ్లలో చాలామందికి ఏ బాధా లేకుండానే మూత్రంలో బ్యాక్టీరియా ఉంటుంది, వృద్ధాశ్రమాల్లో ఉండేవాళ్లలో అయితే సగం మంది దాకా ఉండొచ్చు. అది జబ్బు కాదు. కానీ మనిషి గందరగోళంగా ఉండి, యూరిన్‌లో బ్యాక్టీరియా కనపడితే చాలు, రెండిటికీ ముడి వేసేసి అసలు కారణం వెతకడం ఆపేస్తాం. ఆ అసలు కారణం గుండెపోటు కావచ్చు, మలబద్ధకం కావచ్చు, తలలో మెల్లగా కారుతున్న రక్తం కావచ్చు.

డెలీరియం కనిపెట్టడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. ఎడిన్‌బరో డాక్టర్లు తయారుచేసిన ఫోర్-ఏ-టీ అనే పరీక్ష ఉంది, రెండు నిమిషాల పని. మెలకువ ఎలా ఉందో చూడాలి, వయసు, పుట్టినరోజు, ఉన్న చోటు, ఏ సంవత్సరం అని అడగాలి, నెలలు వెనక్కి చెప్పించాలి. చివరి ప్రశ్న: ఇది ఉన్నట్టుండి వచ్చిందా, పూటపూటకీ మారుతోందా? మొత్తం స్కోరు 4 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డెలీరియం అని అనుమానించాలి. ఆ చివరి ప్రశ్నకి అవునని జవాబొస్తే దానికే 4 మార్కులు. మిగతావన్నీ మనిషి సరిగ్గా చెప్పినా, ఇంట్లోవాళ్లు "వారం కిందట ఇలా లేదండీ" అంటే ఆ ఒక్క మాటతోనే పరీక్ష పాజిటివ్ అవుతుంది. ఇక ఆ ఇంట్లోవాళ్లు తలుపు బయట ఉంటే ఈ పరీక్ష ఎవరిని అడిగి చేస్తారు? ఎమర్జెన్సీకి వచ్చే డెలీరియం కేసుల్లో సగానికి పైగా మా కళ్లముందే దాటిపోతున్నాయని ఎన్నో అధ్యయనాలు చెప్పాయి. మందకొడిగా, మాట్లాడకుండా పడి ఉండే రకమే ఎక్కువగా దాటిపోతుంది.

అరిచే రకానికి ఇంకో గతి. సెలైన్ పీకేసుకుంటారు, మంచం దిగిపోతారు, సిస్టర్‌ని తిడతారు, అప్పుడు చేతులు కట్టేయడమో, మత్తు ఇంజెక్షనో. రాత్రి రెండింటికి ముగ్గురు నర్సులు ముప్ఫై మందిని చూస్తున్నప్పుడు ఆ ఇంజెక్షన్ ఎందుకు ఇస్తారో నాకు బాగా తెలుసు, వాళ్లని తిట్టడానికి ఇది రాయట్లేదు. కానీ ఆ మనిషి కళ్లజోడు అంబులెన్స్‌లో ఉండిపోయింది, చెవి మెషిన్ కూతురి హ్యాండ్‌బ్యాగులో ఉంది, పళ్ల సెట్టు టిష్యూ పేపర్లో చుట్టి దిండు కింద పెట్టారు. కనపడదు, వినపడదు, మాట్లాడితే మాట అర్థం కాదు, ఎవరో ముసుగులు వేసుకున్నవాళ్లు వచ్చి సూదులు గుచ్చుతున్నారు. ఆ పరిస్థితిలో నన్ను పెట్టినా నేనూ సెలైన్ పీకేసుకుంటాను. యేల్ యూనివర్సిటీ వాళ్లు 1999లో ఒక అధ్యయనం ప్రచురించారు. 70 దాటిన 852 మంది, అది ఎమర్జెన్సీలో కాదు, వార్డుల్లో చేసింది. కళ్లజోడు పెట్టడం, చెవి మెషిన్ అందించడం, నీళ్లు తాగించడం, నడిపించడం, రాత్రి నిద్రపోనివ్వడం, ఈరోజు ఏ వారమో చెప్తూ ఉండటం, ఇలాంటివే చేశారు. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లలో 15 శాతానికి డెలీరియం వస్తే, ఇవన్నీ చేసినవాళ్లలో 9.9 శాతానికే వచ్చింది. ఇందులో ఏ పనికి డిగ్రీ కావాలి? కూతురు చేయలేనిది ఏముంది? ఆ కూతురికి లోపల ఒక స్టూలు వేయడానికే మనకి చెయ్యి రాదు.

పడిపోయి వచ్చేవాళ్ల సంగతికొస్తే, "బాత్రూమ్‌లో కాలు జారింది" అన్న వాక్యాన్ని నేను ఒక పట్టాన నమ్మను. నిజంగా జారి ఉండొచ్చు. లేదా ముందు కళ్లు తిరిగి, గుండె లయ తప్పి, కొత్త బీపీ బిళ్ల పని చేసి, పడ్డాక "జారింది" అనుకుని ఉండొచ్చు. ఎందుకు పడ్డారు, ఎంతసేపు నేలమీద ఉన్నారు, రక్తం పలచబడే మందు వాడుతున్నారా, ఈ మూడూ తెలియకుండా తుంటి ఎక్స్‌రే ఒక్కటి తీసి పంపకూడదు. నిలబడిన ఎత్తు నుంచి పడితే ఏమవుతుందిలే అనుకుంటాం, కానీ ఇంగ్లండ్, వేల్స్‌లో తీవ్ర గాయాల మీద 2017లో వచ్చిన నివేదికలో, 60 దాటినవాళ్ల పెద్ద గాయాలకి ముఖ్య కారణం 2 మీటర్లు కూడా లేని ఎత్తు నుంచి పడటమేనని తేలింది. తుంటి విరిగినవాళ్లకి నొప్పి మందు కూడా ఆలస్యంగానే అందుతుంది, వాళ్లు గట్టిగా అరవరు కాబట్టి. తొడ నరానికి మత్తిచ్చే ఇంజెక్షన్ ఎమర్జెన్సీలోనే వేయొచ్చు, మార్ఫిన్ మోతాదు తగ్గుతుంది, దాంతో పాటే గందరగోళమూ తగ్గుతుంది.

తర్వాతది స్ట్రెచర్. వార్డులో బెడ్ ఖాళీ లేదని రాత్రంతా స్ట్రెచర్ మీదే ఉంచడం. ఫ్రాన్స్‌లో 97 ఎమర్జెన్సీల్లో 75 దాటినవాళ్ల మీద చేసిన అధ్యయనం 2023లో వచ్చింది. రాత్రి ఎమర్జెన్సీలోనే స్ట్రెచర్ మీద గడిపినవాళ్లలో 15.7 శాతం ఆస్పత్రిలోనే చనిపోయారు, అర్ధరాత్రి లోపు వార్డుకి చేరినవాళ్లలో 11.1 శాతం. ఆ ఒక్క రాత్రే అంత తేడా తెచ్చిందని నిరూపించడం కష్టమే, ఇలాంటి లెక్కల్లో వేరే కారణాలు కూడా కలిసి ఉంటాయి. కానీ ఆ రాత్రి ఎలా ఉంటుందో నేను చూస్తూనే ఉంటాను. సన్నటి పరుపు, నెత్తిన ఆరని లైటు, రైలింగ్ ఎత్తి ఉంటుంది కాబట్టి దిగలేరు, దిగలేరు కాబట్టి యూరిన్ పైపు వేసేస్తాం, పైపు ఉంది కాబట్టి ఇక లేవనే లేవరు. ఆరోగ్యంగా ఉన్న అరవై డెబ్బై ఏళ్లవాళ్లని కేవలం 10 రోజులు మంచం మీద పడుకోబెట్టి చూస్తే కాళ్లలో దాదాపు కిలో కండ కరిగిపోయిందని 2007లో ఒక చిన్న అధ్యయనంలో తేలింది. వాళ్లు ఆరోగ్యవంతులు. మా స్ట్రెచర్ మీద ఉన్నవాళ్ల దగ్గర ఆ కిలో అదనంగా ఉండదు. నడిచి వచ్చిన మనిషి వీల్‌చైర్‌లో ఇంటికెళ్తే, జబ్బు తగ్గిందని డిశ్చార్జ్ సమ్మరీలో రాసుకోవడానికి మాత్రం మాకేమీ అడ్డం రాదు.

"మరి అందర్నీ లోపలికి రానిస్తే మేం పని ఎలా చేసుకోవాలి?" అని మా వాళ్లే అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఒక పేషెంట్ వెనక ఎనిమిది మంది దూరి, నలుగురు వీడియోలు తీస్తూ, ఒకరు డాక్టర్ కాలర్ పట్టుకున్న రోజులు నేనూ చూశాను. అందర్నీ రానివ్వమని నేను అనట్లేదు. పెద్దవాళ్ల పక్కన ఒక్కరు. ఆ ఒక్కరు కూడా బాగా తెలిసినవాళ్లై ఉండాలి. ఇక్కడ ఒక తమాషా జరుగుతూ ఉంటుంది, గమనించారో లేదో. లోపలికి ఒక్కరినే అనగానే ఇంట్లో పెద్ద కొడుకుని పంపుతారు. ఆయన వేరే ఊరి నుంచి అప్పుడే దిగి ఉంటాడు, నాన్న ఏం మందులు వాడుతున్నాడో తెలియదు, ఎప్పటి నుంచి తినట్లేదో తెలియదు, డాక్టర్‌తో గట్టిగా మాట్లాడటం మాత్రం తెలుసు. రోజూ స్నానం చేయించే కోడలు బయటే ఉంటుంది. నేను అడిగేది "పెద్దవారెవరు?" అని కాదు, "రోజూ దగ్గరుండి చూసుకునేది ఎవరు?" అని.

ఇంకో అభ్యంతరం దీనికన్నా బరువైనది. ఆ చూసుకునే మనిషే సమస్య అయితే? ఒంటి మీద పాత కమిలిన మచ్చలూ కొత్తవీ కలిసి ఉంటాయి, చెప్పే కథకీ దెబ్బకీ పొంతన ఉండదు, పేషెంట్‌ని ఏం అడిగినా పక్కవాళ్లే జవాబు చెప్తారు. అందుకే కాసేపు వాళ్లని కావాలనే బయటికి పంపి, పెద్దవాళ్లతో ఒంటరిగా మాట్లాడాలి. ఇంట్లో భయంగా ఉందా, ఎవరైనా కసురుకుంటున్నారా, కడుపునిండా పెడుతున్నారా అని సూటిగా అడగాలి. దెబ్బలే లేకపోయినా, కొడుకు ముందు చెప్పుకోలేని విషయాలు, అదుపు తప్పే మూత్రం దగ్గర నుంచి బతకాలని లేదన్న మాట దాకా, అప్పుడే బయటికి వస్తాయి. ఎవరూ లేనివాళ్లైతే ఫోన్ ఉంది కదా. పక్కింటివాళ్లు, ఆశ్రమంలో రాత్రి డ్యూటీ ఆయా, మందుల షాపు అబ్బాయి, వీళ్లలో ఎవరో ఒకరికి పోయిన వారం ఈ మనిషి ఎలా ఉన్నారో తెలిసే ఉంటుంది. ఒక్క ఫోన్ కాల్ రెండు స్కాన్ల పని చేసిన సందర్భాలు ఉన్నాయి.

కొన్ని దేశాల్లో దీని గురించి బాగానే ఆలోచించారు. అమెరికాలో మేరీల్యాండ్‌లోని హోలీ క్రాస్ ఆస్పత్రి 2008లోనే పెద్దవాళ్లకి ప్రత్యేక ఎమర్జెన్సీ పెట్టింది, మందపాటి పరుపులు, జారని నేల, కళ్లలో కొట్టని లైట్లు. 2014లో నాలుగు వైద్య, నర్సింగ్ సంఘాలు కలిసి మార్గదర్శకాలు ఇచ్చాయి, 2018 నుంచి ఎమర్జెన్సీ డాక్టర్ల సంఘం అలాంటి ఎమర్జెన్సీలకి మూడు స్థాయిల్లో గుర్తింపు ఇస్తోంది. కెనడాలో పెద్దవాళ్ల కోసమే శిక్షణ పొందిన నర్సులు ఎమర్జెన్సీలో తిరుగుతుంటారు. అక్కడే హాలిఫాక్స్‌లో తయారైన ఫ్రెయిల్టీ స్కేలు ఇప్పుడు చాలాచోట్ల వాడుతున్నారు, మనిషి ఎంత బలహీనంగా ఉన్నారో 1 నుంచి 9 దాకా అంకె వేయడం. ఆ అంకె ఇవాళ స్ట్రెచర్ మీద ఎలా ఉన్నారన్నది చూసి వేయకూడదు, రెండు వారాల కిందట ఎలా ఉన్నారో అడిగి వేయాలి. మళ్లీ అదే ప్రశ్న! నన్నడిగితే డబ్బు తక్కువున్న ఆస్పత్రి గోడలకి రంగులు, పెద్ద గడియారాలు తర్వాత కొనుక్కోవచ్చు. ముందు ఒక నర్సుకి ఈ పని నేర్పించి, ఆ షిఫ్టులో ఇంకో పని చెప్పకుండా వదిలేస్తే చాలు. వయసు కన్నా ఈ స్కేలు అంకె ఎక్కువ చెప్తుంది కూడా. ఎనభై ఐదేళ్లకి రోజూ మెట్లెక్కి దిగేవాళ్లున్నారు, అరవై ఎనిమిదికే మంచం పట్టినవాళ్లున్నారు. "ఎనభై ఐదు" అన్న అంకె చూసి ఐసీయూ వద్దనడమూ తప్పే, ఏమీ అడక్కుండా అన్ని ట్యూబులూ వేసేయడమూ తప్పే.

ఇంటికి పంపేటప్పుడు ఇంకా ఘోరం. రాత్రి పదకొండింటికి "అన్నీ నార్మలే, తీసుకెళ్లొచ్చు" అంటాం. ఆ మనిషి మంచం దిగి పది అడుగులు వేయగలరో లేదో చూడలేదు. ఇంట్లో రాత్రి ఎవరుంటారో అడగలేదు. పాత మందులు ఆరు, కొత్తవి నాలుగు, ఏవి ఆపాలో చీటీలో లేదు. రెండు పాత బిళ్లలూ రెండు కొత్త బిళ్లలూ ఒకే మందు వేరే పేర్లతో కావచ్చు, అది కూడా ఇంటికెళ్లాక రెండోసారి పడిపోయినప్పుడే తెలుస్తుంది. డిశ్చార్జ్ చీటీ చదివి వినిపించి, "ఇప్పుడు మీరు నాకు చెప్పండి, రాత్రికి ఏ బిళ్లలు ఇస్తారు?" అని అటెండెంట్‌ని అడగడానికి మూడు నిమిషాలు పడుతుంది.

ఇది చదువుతున్నవాళ్లలో ఎక్కువమంది మా వైపు కాదు, బయట కుర్చీలో కూర్చునే వైపు. ఆస్పత్రులు మారేలోపు మీరు చేయగలిగింది ఒకటుంది. అమ్మ గురించో నాన్న గురించో ఒక్క పేజీ రాసిపెట్టండి. వాడే మందులన్నీ, జలుబు బిళ్లలు, కంటి చుక్కలు, నిద్ర బిళ్లలు, తెలిసినవాళ్లు ఇచ్చిన పొడులతో సహా. పడని మందులు. మామూలుగా ఉండే బీపీ. మామూలు రోజున ఏమేం చేసుకోగలరు, ఏం చేసుకోలేరు. కళ్లజోడు, చెవి మెషిన్, పళ్ల సెట్టు ఉన్నాయా. పరిస్థితి విషమిస్తే వెంటిలేటర్ లాంటివి కావాలనుకుంటున్నారా వద్దనుకుంటున్నారా అన్నది వాళ్లనే అడిగి రాయండి, అదీ ఒంట్లో బాగున్నప్పుడు. ఎమర్జెన్సీలో పిల్లల్ని పక్కకి పిలిచి "అన్నీ చేయమంటారా?" అని అడిగే ఆ ఐదు నిమిషాల్లో, తెలివిగా ఉన్న పేషెంట్‌ని కూడా ఎవరూ అడగట్లేదు, నేను ఎన్నోసార్లు చూశాను. ఈ పేజీ చేతిలో ఉంటే గుమ్మం దగ్గర సెక్యూరిటీతో వాదించడం కూడా సులువు, "డాక్టర్‌గారికి ఇది వివరించాలి, మా అమ్మ చెప్పగలిగే స్థితిలో లేదు" అనండి, ఆ మాటకి చాలామంది పక్కకి జరుగుతారు. కాగితాన్ని ఫోన్‌లో ఫొటో కూడా తీసిపెట్టుకోండి, అసలుది హడావిడిలో ఇంట్లో బీరువాలోనే ఉండిపోతుంది. మందులు మార్చినప్పుడల్లా ఫొటో మళ్లీ తీయాలి, పోయినేడాది జాబితా తెచ్చి చూపిస్తే మేము దాన్నే నమ్మి ఆపేసిన మందు మళ్లీ మొదలుపెడతాం.